ఫ్రీ కాల్ దుబాయ్‌లో ఎందుకు ఫ్రీ కాదు?

మన హాస్టల్లో ఎవరైనా ‘బ్యాలెన్స్ అయిపోయింది, అందుకే ఇంటికి ఫోన్ చెయ్యలేదు’ అంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. రోజుకి ఒకటిన్నర జీబీ డేటా, అన్‌లిమిటెడ్ కాల్స్, పైగా హాస్టల్ వైఫై. మాట్లాడటానికి డబ్బులు కట్టడం అనేది మనకి పాత సినిమాల్లో టెలిగ్రామ్ లాంటి విషయం. ఇంటర్నెట్ కాల్స్ మీద వ్యాసం రాస్తున్నానంటే మా రూమ్మేట్ కూడా ‘ఇంకా ఎవరికి కావాలిరా అది’ అన్నాడు.

మాకు కావాలి. మాది జగిత్యాల జిల్లా. మా వైపు ఊళ్లలో ఇంటికొకరు కాకపోయినా వాడకి నలుగురైనా గల్ఫ్‌లో ఉంటారు. మా బాపు దుబాయ్‌లో ఉంటాడు, నేను నిజాంపేటలో ఉంటాను. నిజాంపేట నుంచి డల్లాస్‌కి గంటసేపు వీడియో కాల్ పైసా ఖర్చు లేకుండా మాట్లాడొచ్చు. మా పక్క ఫ్లాట్ అంకుల్ రోజూ పొద్దున అదే చేస్తారు, మనవరాలు అన్నం తినేదాకా ఆ ఫోన్ పెట్టెయ్యరు. డల్లాస్ మనకి పదమూడు, పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరం. దుబాయ్ సుమారు రెండున్నర వేల కిలోమీటర్లే. దగ్గరున్న ఊరికి కాల్ కష్టం, దూరమున్న ఊరికి సులువు. ఈ తిరకాసు అర్థం కావాలంటే, అసలు ఫోన్ కాల్‌కి మనం దేనికి డబ్బు కడుతున్నాం అన్నది ముందు తేల్చుకోవాలి.

ఈసీఈ వాళ్లకి తెలిసిన లెక్కే, మిగతా బ్రాంచీల వాళ్ల కోసం ఒకసారి చెబుతాను. పాత టెలిఫోన్ వ్యవస్థ మన గొంతులో 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న భాగాన్ని మాత్రమే మోసేది. మనిషిని గుర్తుపట్టడానికి, మాట అర్థం కావడానికి అది చాలు. దాన్ని డిజిటల్‌గా మార్చడానికి సెకనుకి 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 8 బిట్లలో రాశారు. 8000ని 8తో గుణిస్తే సెకనుకి 64 వేల బిట్లు, అంటే 64 కేబీపీఎస్. జీ.711 అనే పద్ధతి ఇదే. ప్రపంచంలోని డిజిటల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలన్నీ దశాబ్దాలపాటు ఈ 64నే యూనిట్‌గా పెట్టుకుని నడిచాయి.

ఇందులో ఖరీదైన విషయం ఆ 64 కాదు, దాన్ని కేటాయించే తీరు. పాత పద్ధతిలో మీరు నంబర్ డయల్ చేసి అవతలివాళ్లు ఎత్తగానే, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక దారి మీ ఇద్దరికే రాసిచ్చేస్తారు. మీరు ఫోన్ పెట్టేసేదాకా దాన్ని ఇంకెవరూ వాడకూడదు. మీరు అలిగి మాట్లాడకుండా కూర్చున్నా సరే, ఆ మౌనం కూడా సెకనుకి 64 వేల బిట్ల చొప్పున కరిగిపోతూనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి జేఎన్‌టీయూ నుంచి నిజాంపేట దాకా రోడ్డులో ఒక లేన్ మొత్తాన్ని ఒకే ఒక్క బైక్‌కి రాసిచ్చినట్టన్న మాట. బైక్ వెళ్లినా, ఆగినా ఆ లేన్ ఖాళీగానే ఉంచాలి. అలాంటి లేన్‌కి అద్దె ఎంత పడుతుందో ఊహించుకోండి. అందులో సగం లేన్ సముద్రం అడుగున కేబుల్‌లో ఉంటే ఇంకెంతో.

ఇంటర్నెట్ కాల్ షేర్ ఆటో లాంటిది. మీ మాటని 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి అడ్రస్ రాసి, రోడ్డు మీదకి వదిలేస్తారు. ఆ రోడ్డు మీదే ఎవరిదో యూట్యూబ్ వీడియో, ఎవరిదో అసైన్‌మెంట్ పీడీఎఫ్, ఎవరిదో రైలు టికెట్ పక్కపక్కనే వెళుతుంటాయి. మీరు మాట్లాడనప్పుడు మీ సీటు ఇంకొకరిది. ప్రత్యేకమైన దారి లేదు కాబట్టి ప్రత్యేకమైన అద్దె కూడా లేదు.

షేర్ ఆటోకి ఉండే కష్టాలన్నీ దీనికీ ఉన్నాయి లెండి. సెకనుకి యాభై ముక్కలు క్రమంగా బయల్దేరతాయి కానీ క్రమంగా చేరవు. నిజాంపేట చౌరస్తా దగ్గర సిగ్నల్ పడితే పది ఆటోలు గుంపుగా వచ్చినట్టు, కొన్ని ముక్కలు ఒకేసారి వస్తాయి, కొన్ని వెనకబడతాయి, ఒకటీ అరా అసలు రావు. అందుకని అవతలి ఫోన్ వచ్చిన ముక్కల్ని వెంటనే వినిపించకుండా కాసేపు ఆపుకుని, వరసలో పెట్టి వినిపిస్తుంది. దీన్నే జిట్టర్ బఫర్ అంటారు. ఎక్కువసేపు ఆపితే మాట స్పష్టంగా ఉంటుంది కానీ ఆలస్యం అవుతుంది. తక్కువ ఆపితే మాట తెగుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాటల్లో పెద్దగా తేడా తెలియదని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ జీ.114లో చెప్పింది. అది బాగా దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఒకేసారి ‘ఆ చెప్పు’ అని ఆగిపోవడం మొదలవుతుంది. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది. అంటే డల్లాస్‌కి తిన్నగా కేబుల్ వేసినా 70 మిల్లీసెకన్లు దారికే పోతాయి, దుబాయ్‌కైతే పన్నెండు, పదమూడు. భౌతికశాస్త్రం లెక్కలో చూస్తే బాపుతో మాట్లాడటమే తేలిక.

ఇక డేటా ఖర్చు. 64 కేబీపీఎస్ మాటని ముక్కలు చేసినప్పుడు ఒక్కో ముక్కకి అడ్రస్ రాయడానికి 40 బైట్లు పడతాయి. సెకనుకి యాభై ముక్కలు కాబట్టి దానికో 16 కేబీపీఎస్. మొత్తం 80. రెండు వైపులా కలిపితే నిమిషానికి 1.2 ఎంబీ, గంటకి 72 ఎంబీ. ఇది పాత జీ.711తో. జీ.729 అనే పద్ధతి అదే మాటని 8 కేబీపీఎస్‌కి కుదిస్తుంది. చిత్రం చూడండి, అందులో మాటకి 8, అడ్రస్‌కి 16. ఉత్తరం కన్నా కవరు బరువు రెట్టింపు. అయినా మొత్తం 24 మాత్రమే, గంటకి 22 ఎంబీ లోపు. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ అనే కోడెక్ 6 కేబీపీఎస్ నుంచి 510 దాకా పరిస్థితిని బట్టి మారగలదు. కాబట్టి రోజుకి ఒకటిన్నర జీబీ ఉన్నవాడు ఆ డేటాతో ఇరవై నాలుగు గంటలూ మాట్లాడినా ఇంకా మిగులుతుంది. వీడియో పెడితే కథ వేరు, అది దీనికి ఎన్నో రెట్లు తాగుతుంది.

ఇంత తక్కువైతే మరి మన అమ్మానాన్నల కాలంలో నిమిషానికి అన్నేసి రూపాయలు ఎందుకు కట్టారు? లేన్ అద్దె ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది. విదేశాలకి వెళ్లే గేటు ఒక్కటే, ఆ గేటు తాళం ఒక్కరి దగ్గరే. మన దేశం నుంచి బయటికి వెళ్లే కాల్స్ అన్నీ 2002 మార్చి 31 దాకా వీఎస్‌ఎన్‌ఎల్ గుండానే వెళ్లాలి. 1995 ఆగస్టు 15న మనకి ఇంటర్నెట్ ఇచ్చిందీ వీఎస్‌ఎన్‌ఎల్లే. అదే ఏడాది వోకల్‌టెక్ అనే ఇజ్రాయెల్ కంపెనీ కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి మాట్లాడే ఇంటర్నెట్ ఫోన్ సాఫ్ట్‌వేర్‌ని మార్కెట్లోకి తెచ్చింది. అంటే కాల్‌ని చౌక చేసే మందు, దాన్ని ఆపాల్సిన కాపలాదారు ఒకే ఏడాది ఒకే వైరు మీద మనకి పరిచయమయ్యారు. కాపలాదారే గెలిచాడు. 1999 కొత్త టెలికం విధానం ఇంటర్నెట్ టెలిఫోనీని ఆ దశలో అనుమతించేది లేదని చెప్పింది. 2002 ఏప్రిల్ 1న వీఎస్‌ఎన్‌ఎల్ గుత్తాధిపత్యం పోయిన రోజునే ఇంటర్నెట్ టెలిఫోనీకీ అనుమతి వచ్చింది. ఒకే రోజు రెండూ జరగడం కాకతాళీయం కాదు. అయినా ఆ అనుమతి సగమే. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి మాట్లాడొచ్చు, కంప్యూటర్ నుంచి విదేశంలో ఉన్న ఫోన్‌కి మాట్లాడొచ్చు. దేశంలోపల మామూలు ఫోన్‌కి మాత్రం చెయ్యకూడదు.

మా నానమ్మ చెప్పేది, మొదట్లో మా ఊరివాళ్లు గల్ఫ్ పోయినప్పుడు ఫోన్ ఊసే లేదట. సెలవు మీద వచ్చేవాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్లు. ఇంట్లోవాళ్లందరూ టేప్‌రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్లు, మళ్లీ అదే క్యాసెట్ మీద తమ మాటలు రికార్డు చేసి తిరిగి పంపేవాళ్లు. ప్రశ్నకి జవాబు రావడానికి మూడు నెలలు. ‘గొడ్డు ఈనిందా’ అని అడిగేసరికి దూడ గడ్డి తింటుండేదట. తర్వాత ఎస్‌టీడీ బూత్‌లు వచ్చాయి. అక్కడ కూడా మీటరు మీద కన్ను, గుండెలో దడ.

అక్కడి నుంచి మన కాలానికి త్వరగా వచ్చేద్దాం. 2014 డిసెంబర్‌లో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కి మామూలు డేటా ప్యాక్ చెల్లదని, విడిగా చార్జి వేస్తామని ప్రకటించింది. దేశమంతా గోల మొదలై, కొన్ని రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. 2015 మార్చిలో ట్రాయ్ ఈ విషయం మీద అభిప్రాయాలు అడిగితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, ఏ సమాచారం చూస్తున్నామన్నదాన్ని బట్టి డేటాకి వేర్వేరు రేట్లు పెట్టకూడదని నిబంధన తెచ్చింది. మనం ఈరోజు వాట్సాప్ కాల్‌కి విడిగా ప్యాక్ వేసుకోవట్లేదంటే దానికి ఆ ఈమెయిళ్లు ఒక కారణం. అవి పంపినవాళ్లలో మన కాలేజీ సీనియర్లు కూడా ఉండే ఉంటారు, వాళ్లకి ఓ థ్యాంక్స్.

అదే ఏడాది సెప్టెంబర్ 5న జియో వచ్చింది. జియోకి 2జీ, 3జీ లేవు. దాని వాయిస్ కాల్ కూడా వోల్టీఈ, అంటే మాటని ముక్కలుగా కోసి ఐపీ ప్యాకెట్లలో పంపడమే. ఇది చాలామంది గమనించని సంగతి. మనం ‘మామూలు కాల్’ అనుకునేది, ‘నెట్ కాల్’ అనుకునేది సాంకేతికంగా దాయాదులు. తేడా ఎవరి చేతుల మీదుగా వెళుతుందన్నదే. మామూలు కాల్‌ని ఆపరేటర్ తన నెట్‌వర్క్‌లో ప్రత్యేకంగా ముందువరసలో కూర్చోబెట్టి తీసుకెళతాడు, అంబులెన్స్‌కి దారి ఇచ్చినట్టు. వాట్సాప్ కాల్ మిగతా డేటాతో పాటు తోసుకుంటూ వెళుతుంది. సాయంత్రం మన హాస్టల్ వైఫై మీద అందరూ మ్యాచ్ చూస్తున్నప్పుడు నెట్ కాల్ గరగరమని, అదే ఫోన్‌లో మామూలు కాల్ శుభ్రంగా వినిపించేది ఇందుకే.

ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కి కాల్ వెళితే, అందుకున్న కంపెనీకి చేసిన కంపెనీ నిమిషానికి ఇంత అని కట్టే పద్ధతి కూడా మనకుండేది. 14 పైసలుండేది, 2017 అక్టోబర్ 1 నుంచి 6 పైసలైంది, 2021 జనవరి 1 నుంచి సున్నా. గుర్తుంటే, 2019లో జియో వేరే నెట్‌వర్క్‌కి చేస్తే నిమిషానికి 6 పైసలు వసూలు చేసింది ఈ లెక్క మీదే. దేశంలోపల కాల్ నిజంగా ఫ్రీ అయ్యింది ఆ సున్నాతోనే. ఈ సున్నాని గుర్తుపెట్టుకోండి, దీంతో కాసేపట్లో ఒక దొంగతనం జరగబోతోంది.

ఇప్పుడు దుబాయ్. యూఏఈలో ఇంటర్నెట్ మీద మాట కలపడం లైసెన్సున్న టెలికం సేవగా లెక్క. ఆ లెక్కలో లేని యాప్‌ల కాల్స్‌ని అక్కడి నెట్‌వర్క్‌లు ఆపేస్తాయి. వాట్సాప్‌లో మెసేజ్ వెళుతుంది, ఫొటో వెళుతుంది, వాయిస్ మెసేజ్ కూడా వెళుతుంది. కాల్ మాత్రం కలవదు. ఒకే యాప్‌లో ఒకటి వెళ్లి ఇంకోటి ఎలా ఆగుతుందని చాలామందికి సందేహం. మెసేజ్‌కి, కాల్‌కి ప్యాకెట్లు వెళ్లే తీరు వేరు. 20 మిల్లీసెకన్లకొకటి చొప్పున చిన్న చిన్న ముక్కలు రెండు వైపులా ఆగకుండా పారుతుంటే, లోపల ఏముందో తెరిచి చూడకపోయినా అది కాల్ అని గుర్తుపట్టొచ్చు. పెళ్లి బరాత్‌ని దూరం నుంచి చూసినా పెళ్లే అని తెలిసినట్టు. ఎన్‌క్రిప్షన్ మాటల్ని దాస్తుంది కానీ నడకని దాచలేదు.

అక్కడ అనుమతి ఉన్న యాప్‌లు కొన్ని ఉన్నాయి, బోటిమ్ అందులో బాగా తెలిసినది. 2018 మొదట్లో ఆ యాప్‌లు వాడుకోవడానికి అక్కడి టెలికం కంపెనీ ఎతిసలాత్ నెలకి 50 దిర్హమ్‌లకి ఇంటర్నెట్ కాలింగ్ ప్లాన్ పెట్టింది. ఐటీ ఉద్యోగికి 50 దిర్హమ్‌లు ఒక పూట బయట భోజనం. నెలకి వెయ్యి దిర్హమ్‌ల జీతంతో క్యాంపులో ఉండే మేస్త్రీకి జీతంలో ఇరవయ్యో వంతు. ఒకే రేటు ఇద్దరికీ ఒకటే కాదు. సౌదీ కూడా మొదట కఠినంగానే ఉంది, 2013లో వైబర్‌ని ఆపేసింది. 2017 సెప్టెంబర్‌లో మాత్రం నిబంధనలకు లోబడిన ఇంటర్నెట్ కాలింగ్ యాప్‌ల మీద నిషేధం ఎత్తేసింది. కరోనా వచ్చిన 2020 మార్చిలో యూఏఈ కూడా క్లాసులకి, ఆఫీసులకి జూమ్, టీమ్స్ లాంటి వాటికి దారి ఇచ్చింది. తలుచుకుంటే సాంకేతికంగా అడ్డేమీ లేదని దీన్నిబట్టే తెలుస్తుంది. టెలికం ఆదాయం ఒకటి, నిఘా ఒకటి, ఈ రెండే అసలు సంగతులని నా అభిప్రాయం.

ఊరికి వెళితే నాకు తప్పని ప్రశ్న ఒకటుంది. ‘నువ్వు ఇంజినీరింగ్ చదువుతున్నవ్ గదా బిడ్డా, మీ పెద్దబాపు ఫోన్ల అదేందో వీపీఎన్ అట, అది ఏసిస్తే కాల్ కలుస్తదట, జర చూడరాదు?’ అని మా పెద్దమ్మ దసరాకి కూడా అడిగింది. మీలో గల్ఫ్ కుటుంబాల వాళ్లందరికీ ఈ ప్రశ్న తెలిసే ఉంటుంది. పది నిమిషాల పని, సరదాగా చేసిపెట్టేస్తాం కూడా. నేను చెయ్యనన్నాను. ఎందుకో చెబుతాను, మీరూ చెప్పండి.

యూఏఈలో వీపీఎన్ అనే వస్తువు నిషిద్ధం కాదు. కంపెనీలు, బ్యాంకులు వాడతాయి. కానీ ఐపీ అడ్రస్‌ని మార్చి, దాంతో నేరం చేసినా, చేసిన నేరం బయటపడకుండా చూసుకున్నా దానికి విడిగా శిక్ష ఉంది. 2021లో వచ్చిన 34వ నంబర్ ఫెడరల్ డిక్రీ చట్టం ప్రకారం జైలు, లేదా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా, లేదా రెండూ. తక్కువలో తక్కువ 5 లక్షల దిర్హమ్‌లంటే మన డబ్బులో కోటి రూపాయల పైమాట. ప్రతివాడినీ పట్టుకుంటారా అంటే, క్యాంపుల్లో వాడుతున్నవాళ్లు చాలామందే ఉన్నారని బాపే చెబుతాడు. కానీ పట్టుబడితే నష్టం ఎవరికి అన్నది చూడాలి. ఇక్కడ నిజాంపేటలో కూర్చుని యాప్ పంపింది మనం. అక్కడ వీసా కంపెనీ చేతిలో ఉన్నది ఆయనది. అప్పు చేసి ఏజెంటుకి కట్టి పోయినవాడి విషయంలో ‘ఏం కాదులే’ అనే మాట మనం అనకూడదు. దానికి తోడు ఫ్రీ వీపీఎన్ యాప్‌ల సంగతి మీకు తెలిసిందే. ఫోన్‌లోని ట్రాఫిక్ మొత్తం, బ్యాంకు యాప్‌తో సహా, ఎవరో ముక్కూముఖం తెలియనివాడి సర్వర్ గుండా వెళుతుంది. కాల్ ఫ్రీగా వచ్చింది కదా అని తాళంచెవి ఇచ్చినట్టు.

పెద్దమ్మకి బోటిమ్ వేసిచ్చాను. ఆయన ఫోన్‌లోనూ అదే ఉండాలి, రెండు వైపులా ఒకే యాప్ ఉంటేనే మాట కలుస్తుంది. డేటా తగ్గించుకోవాలంటే వీడియో ఆపుకోమన్నాను, అది వినలేదు. ‘మనిషి మొకం జూడక ఏం మాట్లాడుడు’ అంది. ఇక మిగతా రోజుల్లో వాయిస్ మెసేజ్. ఇది నిజంగా గొప్ప వెసులుబాటు, మనవాళ్లు ఇంకా పూర్తిగా వాడుకోవట్లేదు. వాయిస్ మెసేజ్ అనేది ఫైల్. అది ఎప్పుడు చేరినా ఫరవాలేదు, కాబట్టి అది కాల్ కాదు, కాబట్టి దానికి అడ్డు లేదు. నానమ్మ క్యాసెట్టే, మూడు నెలలు పట్టేది మూడు సెకన్లలో పోతోంది. డ్యూటీలో ఉన్నవాడు షిఫ్టు దిగాక వింటాడు. గంటన్నర టైం తేడా కూడా గొడవ పెట్టదు.

ఇప్పుడు ఆ సున్నా సంగతి. ఇది మన ఊరి కథ, మన ఇరుగుపొరుగు అపార్ట్‌మెంట్ల కథ కూడా కావచ్చు. విదేశం నుంచి మన దేశంలోని ఫోన్‌కి కాల్ వస్తే అవతలి కంపెనీ ఇక్కడి కంపెనీకి నిమిషానికి ఇంత అని కట్టాలి. 2018 ఫిబ్రవరి నుంచి 30 పైసలుండేది. 2020 మే నుంచి 35 పైసల నుంచి 65 పైసల మధ్య కంపెనీలు మాట్లాడుకోవచ్చన్నారు. దేశంలోపల మాత్రం ఆ ఖర్చు సున్నా. ఇంజినీర్‌కి ఈ రెండు అంకెలు పక్కపక్కన కనపడితే ఏం ఆలోచన వస్తుందో అదే దొంగకీ వచ్చింది. విదేశంలో కాల్‌ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించి, హైదరాబాద్‌లో ఒక అద్దె గదిలో దించుతాడు. అక్కడ సిమ్ బాక్స్ అనే డబ్బా ఉంటుంది, అందులో పదుల కొద్దీ లోకల్ సిమ్‌లు. ఇంటర్నెట్ మీద వచ్చిన మాటని ఆ సిమ్ నుంచి లోకల్ కాల్‌గా మార్చి మీ ఫోన్‌కి పంపుతుంది. ఎక్కడో విదేశం నుంచి మాట్లాడుతుంటే మీ ఫోన్ మీద తొమ్మిదితో మొదలయ్యే మామూలు పది అంకెల నంబర్ కనపడుతుంది. నిమిషానికి మిగిలేవి పైసలే. కానీ డబ్బా ఒకేసారి పదుల కాల్స్‌ని, ఇరవై నాలుగు గంటలూ మోస్తుంది.

పేపర్లో ‘అక్రమ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ గుట్టు రట్టు’ అని వస్తుంది చూడండి, అది ఇదే. హైదరాబాద్‌లో ఇలాంటివి పట్టుబడ్డ వార్తలు ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. గల్ఫ్ నుంచి చౌకగా మాట్లాడించే ఏదో ఒక కార్డు వెనక ఇలాంటి గది ఉండే రోజులు పోయి, ఇప్పుడు ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించేవాళ్ల కాల్స్ కూడా ఈ దారినే వస్తున్నాయి. సిమ్ లోకల్ కాబట్టి, పోలీసులు నంబర్ పట్టుకుని వస్తే దొరికేది ఆ గది అద్దెకి తీసుకున్నవాడు, సిమ్‌లు ఎవరి ఆధార్ మీద ఉన్నాయో వాళ్లు. ‘మీ రూమ్‌లో ఒక రౌటర్ లాంటిది పెట్టుకోండి, కరెంటు, వైఫై ఇస్తే చాలు, నెలకి ఇంత ఇస్తాం’ అని ఎవరైనా అంటే దాని అర్థం ఏమిటో మీకిప్పుడు తెలిసింది కదా. హాస్టల్ ఫీజు కట్టుకోలేని కుర్రాళ్లని చూసే ఇలాంటి మాటలు వస్తాయి. కాలేజీ గేటు దగ్గర గొడుగు కింద సిమ్ అమ్మేవాడు ‘వేలిముద్ర సరిగా పడలేదు, ఇంకోసారి పెట్టండి’ అన్నా ఒక్క క్షణం ఆగండి. మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో సంచార్ సాథీ పోర్టల్లో చూసుకోవచ్చు. విదేశం నుంచి వచ్చిన కాల్ మన దేశపు నంబర్‌తో కనపడితే అక్కడే చెప్పొచ్చు కూడా. మన నంబర్ల వేషం వేసుకుని నేరుగా బయటి నుంచి వచ్చే కాల్స్‌ని ఆపడానికి టెలికం శాఖ 2024 అక్టోబర్‌లో ఒక వ్యవస్థ పెట్టింది. మొదలుపెట్టిన ఒక్క రోజులో 1.35 కోట్ల కాల్స్ ఆపినట్టు చెప్పింది. కానీ అది సరిహద్దు గేటు దగ్గర కాపలా. సిమ్ బాక్స్ గేటు లోపలే ఉంది.

అమెరికా వైపు కథ దీనికి పూర్తిగా వేరు, అక్కడ సమస్య అనుమతి కాదు, అవతలివైపు స్మార్ట్‌ఫోన్ లేకపోవడం. ఇరవై ఏళ్ల కింద ఎమ్మెస్‌కి వెళ్లిన మన సీనియర్లు ఇండియన్ స్టోర్‌లో కాలింగ్ కార్డు కొనుక్కుని, గీకి, పిన్ కొట్టి మాట్లాడేవాళ్లు. కార్డు మీద రాసిన నిమిషాలు చేతికొచ్చేవి కావు. కనెక్షన్ ఫీజనీ ఇంకోటనీ మధ్యలో మాయమయ్యేవి. 2008లో అమెరికా ఎఫ్‌టీసీ కొన్ని కార్డు కంపెనీల మీద కోర్టుకే వెళ్లింది. 2003లో వచ్చిన స్కైప్ ఆ బాధ తీర్చింది. స్కైప్ నుంచి స్కైప్‌కి ఫ్రీ, స్కైప్ నుంచి మామూలు ఫోన్‌కి కొద్దిపాటి సెంట్లు. ఈ రెండింటి తేడా చూడండి. యాప్ నుంచి యాప్‌కి అయితే మీ మాట మొదటి నుంచి చివరి దాకా ఇంటర్నెట్‌లోనే ఉంటుంది. యాప్ నుంచి ల్యాండ్‌లైన్‌కి అయితే చివర్లో ఎక్కడో ఒకచోట టెలిఫోన్ నెట్‌వర్క్‌లోకి దిగాలి, దిగినచోట టోల్ కట్టాలి. స్కైప్ 2025 మేలో మూతపడింది. ఊళ్లో బటన్ ఫోన్ తప్ప వాడని అమ్మమ్మలున్నవాళ్లు గూగుల్ వాయిస్ లాంటివి వెతుక్కోవాల్సి వచ్చింది. మన దగ్గర 2018లో టెలికం శాఖ స్పష్టత ఇచ్చాక, యాప్ నుంచి మామూలు ఫోన్‌కి చేసే సౌకర్యం లైసెన్సున్న కంపెనీలకి దొరికింది. బీఎస్‌ఎన్‌ఎల్ వింగ్స్ అని ఏడాదికి 1,099 రూపాయలకి సిమ్ లేకుండానే పది అంకెల నంబర్ ఇచ్చింది కూడా. అప్పటికే అందరి చేతిలో జియో ఉండటంతో పెద్దగా పట్టించుకున్నవాళ్లు లేరు.

మన హాస్టళ్ల సెల్లార్ గదుల్లో ఉండేవాళ్లకి ఒక్క మాట. సిగ్నల్ ఒక్క గీత కూడా రాకపోతే ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. ఇది యాప్ కాదు. మీ సిమ్ కంపెనీయే మీ మామూలు కాల్‌ని వైఫై మీదుగా తీసుకుంటుంది, అవతలివాళ్ల దగ్గర డబ్బా ఫోన్ ఉన్నా చాలు. అదనంగా చార్జీ లేదు. ఇంకొకటి, వాట్సాప్ నుంచి 112కి కాల్ వెళ్లదు. ఎంత నెట్ ఉన్నా అంబులెన్స్‌కి, పోలీసులకి సిమ్ కాలే చెయ్యాలి. దుబాయ్‌లో ఉన్నవాళ్లకి కూడా అంతే, పోలీసులకి 999, అంబులెన్స్‌కి 998, రెండూ మామూలు డయల్ నుంచే. నేను బాపు ఫోన్ వెనక కవర్లో ఒక చీటీ మీద ఈ రెండు నంబర్లు, నా నంబర్ ముందు +91 తో సహా రాసి పెట్టాను. ఇంట్లో ఏదైనా అయితే యాప్ కలిసేదాకా చూడకు, ఐఎస్‌డీ చెయ్యి, బిల్లు సంగతి తర్వాత చూద్దాం అని చెప్పాను.